హస్తవాసిలో హస్తం వాటా ఎంత?

“ఆయన హస్తవాసి మంచిది” అనే మాట మీరు వినే ఉంటారు. ఇద్దరు డాక్టర్లు ఒకే మందు ఇచ్చినా ఒకరు ఇచ్చినది పనిచేసి, మరొకరు ఇచ్చినది పనిచెయ్యకపోతే మన పెద్దవాళ్ళు ఆ తేడాని చేతికి అంటగడతారు. సైన్సు చదువుకున్న మనం ఈ మాట విని నవ్వేసి ఊరుకుంటాం. మందులో రసాయనం ఒకటే అయినప్పుడు ఇచ్చే చెయ్యి మారితే ఏం మారుతుంది?

కాని ఇప్పుడు నేను ప్రస్తావించబోయే వైద్యంలో మందు లేదు. ఉన్నదల్లా చెయ్యే. నడుం నొప్పితో నెలల తరబడి, ఏళ్ళ తరబడి బాధపడేవారికి వెన్ను నొక్కి, కండరాలు పిసికి, కీళ్ళు కదిలించి చేసే చికిత్స ఇది. ఫిజియోథెరపిస్టులు దీన్ని మాన్యువల్ థెరపీ అంటారు. మనం చేతివైద్యం అందాం. ఈ మధ్య దీని ముందు ఒక విశేషణం వచ్చి చేరింది: ‘వ్యక్తి కేంద్రిత’ చేతివైద్యం. వైద్యం చెయ్యవలసింది నడుముకి కాదు, ఆ నడుం ఉన్న మనిషికి అని దీని అర్థం. వినడానికి ఎంతో బాగుంది. వినడానికి బాగున్న మాటల్ని కాస్త గీకి చూడాలి. బంగారమైతే గీకినా పోయేదేమీ లేదు కదా!

గీకి చూడటానికి ఒక గీటురాయి కావాలి. నేను సూరత్‌ని ఎంచుకున్నాను.

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా సూరత్‌లో దిగవచ్చు. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూరుకి, భివండీకి వెళ్ళినట్లే సూరత్‌కీ వెళ్ళారు. లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. ఆ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. వీరిలో చాలామందికి తెలిసిన పని మరమగ్గం. వాళ్ళు దాన్ని సాంచా అంటారు. సాంచాల కార్ఖానాలో సాధారణంగా 12 గంటల షిఫ్టు. ఒక్కొక్కరు ఒకే సాంచా దగ్గర నిలబడరు. వరసలో ఉన్న ఎన్నో సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. పోగు తెగితే ముందుకి వంగి, చేతులు చాచి, సన్నని దారాన్ని ముడివెయ్యాలి. కండె అయిపోతే మార్చాలి. నేల అదురుతూ ఉంటుంది. పక్కవాడి మాట వినపడనంత చప్పుడు. కూలి నేసిన మీటర్ల లెక్కన. పని మానితే పగార్ లేదు.

ఇటువంటి ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. నలభై ఏళ్ళవాడు. ఏడాదిగా నడుం నొప్పి. మొదట మందుల షాపులో మాత్రలు కొనుక్కున్నాడు. తరవాత నడుముకి బెల్టు. తరవాత ఎక్స్‌రే, అప్పు చేసి స్కానింగు. చివరికి ఎవరో చెబితే నడుం సరిచేసే మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఆ మనిషి వీపు తడిమి, ఒక చోట బొటనవేలు ఆనించి, “ఇగో, ఇక్కడ బొక్క జరిగింది” అన్నాడు. పక్కకి తిప్పి గభాలున ఒక నొక్కు నొక్కాడు. టక్కుమని చప్పుడు. రెండు రోజులు హాయి. మూడో రోజు మళ్ళీ మామూలే. వారానికోసారి వెళ్ళి ఆ జరిగిన బొక్కని యథాస్థానంలో పెట్టించుకుంటున్నాడు. ఈ మనిషి నా ఊహే కాని, ‘బొక్క జరిగింది’ అన్న మాట నా ఊహ కాదు. నూటయాభై ఏళ్ళుగా రకరకాల భాషల్లో ఈ మాట తిరుగుతోంది.

అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1874లో ఆస్టియోపతీ అనే వైద్య విధానాన్ని ప్రకటించాడు. రోగాలకి మూలం ఎముకలూ కండరాలూ ఉండవలసిన తీరులో ఉండకపోవడమేనని ఆయన వాదం. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్టులో డి. డి. పామర్ అనే మరొకాయన, చెవుడు వచ్చిన ఒక పనివాడి వెన్నుపూసని నొక్కి వినికిడి తెప్పించానని చెప్పుకుని కైరోప్రాక్టిక్ అనే పద్ధతిని మొదలుపెట్టాడు. చెవి నుంచి మెదడుకి వెళ్ళే నాడి వెన్నులోంచి పోదని మీ జీవశాస్త్రం పుస్తకమే చెబుతుంది. మనవాళ్ళూ తక్కువ తినలేదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకుంటే పట్టు వదులుతుందని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది కదా! పట్టేసిన నడుముతో పెద్దలు బోర్లా పడుకుంటే, అలా పుట్టిన పిల్లవాడు గర్వంగా వీపు ఎక్కేవాడు. తొక్కుడు వల్ల హాయి కలగలేదని నేను అనను. ఆ హాయికీ పిల్లవాడు పుట్టిన తీరుకీ ఉన్న సంబంధం ఏమిటన్నదే ప్రశ్న. సూరత్‌లోని మనిషికి కలిగిన హాయి గురించి కూడా ఇదే ప్రశ్న వెయ్యాలి.

నిజంగా ఎముక జరిగిందా? నొక్కితే తిరిగి చోటుకి వచ్చిందా? ఇది అభిప్రాయాలతో తేలేది కాదు, కొలిచి చూడవలసినది. 1998లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు. వెన్ను అడుగున, కటి ఎముకతో కలిసేచోట ఉండే కీలు ‘జరిగింది’ అని నిర్ధారణ అయిన 10 మందిని తీసుకున్నారు. ఎక్స్‌రే కిరణాలతో ఎముక స్థానాన్ని అతి సూక్ష్మంగా పట్టిచ్చే పద్ధతిలో, నొక్కుడుకి ముందూ తరవాతా కొలతలు తీశారు. చేతితో తడిమి చూసినప్పుడు ‘సరిపోయింది’ అనిపించింది. కొలతల్లో మాత్రం ఎముక కదలనే లేదు. తప్పు చేసింది ఎముక కాదు, తడిమిన వేళ్ళు.

మరి ఆ టక్కుమన్న చప్పుడో? అది ఎముక చోటుకి వచ్చిన చప్పుడు కాదు. మీరు వేళ్ళు విరుచుకుంటే వచ్చేదీ అదే. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో, ఒక మనిషి వేలిని ఎమ్మారై యంత్రంలో ఉంచి లాగుతూ లోపల జరిగేదాన్ని చిత్రాలు తీశారు. కీలులోని ద్రవంలో హఠాత్తుగా ఒక ఖాళీ ఏర్పడిన క్షణంలోనే చప్పుడు వచ్చింది. సోడా బుడ్డి కొట్టినప్పటి చప్పుడుకి ఎంత వైద్యశక్తి ఉందో దీనికీ అంతే.

స్కానింగు కాగితం మీద రాసిన మాటల సంగతి కూడా ఇక్కడే చూడాలి. ‘డిస్కు ఉబ్బింది’, ‘డిస్కు అరిగింది’ అన్న మాటలు చదివి ఎంతోమంది బతికినంత కాలం నడుముని గాజుబొమ్మలా చూసుకుంటారు. నడుం నొప్పి లేని 98 మందికి స్కానింగు చేసి 1994లో ఒక అమెరికన్ బృందం ఫలితాలు ప్రకటించింది. వాళ్ళలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది! నొప్పి లేనివాళ్ళ స్కానింగుల మీద వచ్చిన 33 పరిశోధనలని, మొత్తం 3,110 మందివి, 2015లో గుదిగుచ్చి చూశారు. డిస్కు అరుగుదల ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి కనిపించింది. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. నెరిసిన వెంట్రుక నొప్పి పెట్టదు. అరిగిన డిస్కు కొందరిలో నొప్పికి కారణం కావచ్చు కాని, కాగితం మీద ఉన్నంత మాత్రాన ముద్దాయి అదేనని తీర్పు ఇవ్వలేం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి, చివర చెబితే మరిచిపోతారు. పైన చెప్పినదంతా సాధారణమైన నడుం నొప్పి గురించి. నడుం నొప్పుల్లో దాదాపు 90 శాతం ఇలా ఫలానా జబ్బు వల్ల అని వేలెత్తి చూపలేనివే. మిగిలిన కొన్నిటిలో మాత్రం చెయ్యి వెయ్యకముందే జబ్బు కనుక్కోవాలి. నొప్పితోపాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలహీనపడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఆలస్యం చెయ్యకూడదు. మన దేశంలో వెన్నుపూసకి క్షయ పట్టడం అరుదేమీ కాదు. క్షయతో గుల్లబారిన పూసని హస్తవాసిగలాయన గభాలున నొక్కితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

సరే, ఎముక జరగలేదు. అయినా సూరత్ మనిషికి రెండు రోజులు హాయి కలిగిన మాట నిజమే. అది ఎక్కడ నుంచి వచ్చింది? దెబ్బ తగిలినచోట మనం అసంకల్పితంగా రుద్దుకుంటాం. అలా రుద్దుకుంటే నొప్పి ఎందుకు తగ్గుతుందో చెప్పడానికి 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి సంకేతాలు మెదడుకి చేరకముందు వెన్నుపాములో ఒక గేటు దాటాలనీ, స్పర్శ సంకేతాలు ఆ గేటుని కొంత మూస్తాయనీ, మెదడు కూడా పైనుంచి ఆ గేటుని తెరిచి మూయగలదనీ వాళ్ళన్నారు. వివరాలు తరవాత చాలా మారాయి గాని అసలు విషయం నిలిచింది: నొప్పి అంటే దెబ్బని కొలిచే మీటరు కాదు. ఒంటిలోంచి వచ్చిన కబురుకి మెదడు తన భయాన్నీ, అనుభవాన్నీ, నమ్మకాన్నీ జోడించి తయారుచేసే అనుభూతి. నొప్పి మూడు నెలలు దాటి పాతబడితే ఈ జోడింపుల బరువు మరీ పెరుగుతుంది. చెయ్యి మార్చేది ఎముకని కాదు, ఈ కబుర్లని.

అయితే ఆ మార్పు ఎంత? వెన్నుని నొక్కి చేసే చికిత్సల మీద వచ్చిన 47 ప్రయోగాలని, 9,211 మంది రోగులవి, 2019లో కలిపి చూశారు. వ్యాయామం వంటి ఇతర సిఫారసు చేసిన పద్ధతులతో పోలిస్తే ఫలితం ఇంచుమించు సమానం. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మరి ‘ఈ పూసనే, ఈ కోణంలోనే నొక్కాలి’ అనే నైపుణ్యం సంగతి? 2003లో ఆస్ట్రేలియాలో 140 మంది మీద దాన్నీ పరీక్షించారు. నొక్కే పద్ధతిని కొందరికి ఫిజియోథెరపిస్టే ఆలోచించి ఎంచుకున్నాడు, మిగతావాళ్ళకి లాటరీ పద్ధతిలో తీశారు. ఎంచుకున్న పద్ధతికీ లాటరీ పద్ధతికీ ఫలితాల్లో తేడా కనిపించలేదు. చెయ్యికి ఉన్న పేరులో సగం ఇక్కడే పోయింది.

మిగతా సగం ఎవరికి చెందాలో చెప్పే ప్రయోగం ఒకటుంది. దీన్ని మాత్రం నెమ్మదిగా చూద్దాం. మీరు కాగితం, పెన్సిలు తీసుకుంటే ఇంకా మంచిది.

2014లో వెలువడిన ఈ ప్రయోగం కూడా ఆల్బర్టాదే. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 117 మందిని నాలుగు గుంపులు చేశారు. ఫిజియోథెరపీ గదిలో ‘కరెంటు పెట్టడం’ మీరు చూసే ఉంటారు. రెండు గుంపులకి ఆ యంత్రాన్ని నిజంగా పెట్టారు. మిగతా రెండింటికి తీగలన్నీ తగిలించారు గాని కరెంటు పంపలేదు. ఇంకొక తేడా కూడా పెట్టారు. ఒక నిజం గుంపులోనూ ఒక ఉత్తుత్తి గుంపులోనూ థెరపిస్టు ముక్తసరిగా నాలుగు మాటలు చెప్పి గదిలోంచి వెళ్ళిపోయాడు. తక్కిన రెండు గుంపుల్లో కూర్చుని, నొప్పి ఎలా మొదలైంది, దాని వల్ల ఏ పనులు ఆగిపోయాయి, మీకు ఏమనిపిస్తోంది అని అడిగి, విని, అరగంటా అక్కడే ఉన్నాడు. తరవాత సున్నా నుంచి పది దాకా ఉన్న కొలబద్ద మీద నొప్పి ఎంత తగ్గిందో చూశారు. ఉత్తుత్తి యంత్రం, ముక్తసరి మాట: 1.03 తగ్గింది. నిజం యంత్రం, ముక్తసరి మాట: 1.83. ఉత్తుత్తి యంత్రం, నిండు మాట: 2.22. నిజం యంత్రం, నిండు మాట: 3.13.

ఇప్పుడు తీసివేతలు చెయ్యండి. యంత్రం వాటా ఎంత? మాట తక్కువైనచోట 1.83 లోంచి 1.03 తీస్తే 0.80. మాట ఎక్కువైనచోట 3.13 లోంచి 2.22 తీస్తే 0.91. మాట వాటా ఎంత? యంత్రం లేనిచోట 1.19, ఉన్నచోట 1.30. కరెంటు లేని యంత్రం పక్కన కూర్చుని విన్న మనిషి, కరెంటు ఉన్న యంత్రాన్ని తగిలించి వెళ్ళిపోయిన మనిషి కన్న ఎక్కువ నొప్పి తగ్గించాడు. మన పెద్దవాళ్ళ ‘హస్తవాసి’ని చూసి నవ్విన నేను ఈ అంకెలు చూశాక నవ్వు కాస్త ఆపుకున్నాను. వాళ్ళు గమనించినది నిజమే. పేరు మాత్రం తప్పు పెట్టారు. వాసి ఉన్నది చేతిలోనే కాదు, నోటిలోనూ చెవిలోనూ కూడా.

ఈ ప్రయోగాన్ని నెత్తిన పెట్టుకోవడానికి ముందు దాని లోపం కూడా చూడాలి. జరిగినది ఒక్క విడత. కొలిచినది అప్పటికప్పుడు. పరీక్షించినది యంత్రాన్ని, చెయ్యిని కాదు. ఆ తగ్గుదల ఇంటికి వెళ్ళేదాకా నిలుస్తుందని దీన్ని బట్టి చెప్పలేం.

‘వ్యక్తి కేంద్రిత’ చికిత్సని సమర్థించేవాళ్ళ ఉత్సాహానికి మూలం ఇటువంటి ఫలితాలే. ఆలోచన కొత్తది కాదు. మానసిక చికిత్సలో కార్ల్ రోజర్స్ 1951 నాటికే ఇటువంటి మాట చెప్పాడు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికన్ మనోవైద్యుడు ‘సైన్స్’ పత్రికలో రాస్తూ, జబ్బుని శరీరంతో పాటు మనసు, సమాజం అనే మరో రెండు కోణాల నుంచి కూడా చూడాలన్నాడు. 1987లో గోర్డన్ వాడెల్ అనే స్కాట్లండు ఎముకల సర్జను దాన్ని నడుం నొప్పికి వర్తింపజేశాడు. కత్తి పట్టినవాడే కత్తి ఒక్కటే చాలదనడం వల్ల ఆ మాటకి బలం వచ్చింది.

వీటన్నిటికీ పెద్ద పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. రిస్టోర్ అనే ఆ ప్రయోగం ఫలితాలు 2023లో ‘లాన్సెట్’లో వచ్చాయి. 492 మంది రోగులు. ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు ఒక్కొక్కరి కథా విని, నొప్పి అంటే ఏమిటో వాళ్ళ అనుభవంలోంచే వివరించి, భయపడి మానేసిన కదలికల్ని మెల్లమెల్లగా మళ్ళీ చేయించి, నిద్ర, నడక వంటి అలవాట్లు దిద్దారు. పన్నెండు వారాల్లో ఎక్కువలో ఎక్కువ ఏడు విడతలు, ఆరు నెలలకి మరొకటి. రోజువారీ పనుల ఇబ్బందిని కొలిచే 24 మార్కుల పట్టిక మీద, మామూలు చికిత్స పొందినవాళ్ళ కన్న వీళ్ళకి మూడు నెలల నాటికి సగటున 4.6 మార్కులు ఎక్కువ మేలు జరిగింది. ఏడాదికీ మేలు నిలిచింది. మూడేళ్ళ తరవాత కూడా కొంత మిగిలే ఉందని 2025లో వెల్లడించారు. నడుం నొప్పి పరిశోధనల్లో ఇంత పెద్ద, ఇంత కాలం నిలిచే ఫలితం అరుదు. రోగుల్లో కొందరికి నడుం కదలికలు చూపే సెన్సార్లు కూడా తగిలించారు. వాటి వల్ల అదనంగా ఒరిగినదేమీ లేదు! పరికరాల మీద మోజు ఉన్నవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఇంత చెప్పాక ఇక విమర్శించడానికి ఏముంది అంటారేమో. చాలా ఉంది.

ఈ చికిత్సలో చెయ్యికి దక్కిన చోటు చిన్నది. కదలికకి దారి చూపడానికీ, ధైర్యం ఇవ్వడానికీ మాత్రమే చెయ్యి వేస్తారు. కాబట్టి రిస్టోర్ ఫలితాన్ని చూపించి ‘వ్యక్తి కేంద్రిత చేతివైద్యం రుజువైంది’ అనడం, పెరుగన్నం బలమని రుజువైతే ఆవకాయకి పేరు కొట్టెయ్యడం వంటిది. పోల్చినది ఎవరితో అన్నది మరొక సంగతి. ‘మామూలు చికిత్స’ అంటే ఎవరికి దొరికినది వాళ్ళు పొందినది. ఎవరు ఏ గుంపులో ఉన్నదీ రోగులకి తెలుసు. శ్రద్ధ వల్ల వచ్చిన లాభం ఎంత, పద్ధతి వల్ల వచ్చినది ఎంత అన్నది ఇటువంటి పోలికలో విడదీయలేం.

అంతకన్న లోతైన చిక్కు ‘వ్యక్తి కేంద్రిత’ అన్న మాటలోనే ఉంది. ప్రతి మనిషికీ చికిత్స వేరుగా ఉండాలంటే, ‘ఇది ఆ చికిత్సే’ అని ఎలా గుర్తుపట్టడం? తగ్గితే వ్యక్తి కేంద్రితం కాబట్టి తగ్గింది. తగ్గకపోతే సరిగ్గా వ్యక్తి కేంద్రితం కాలేదు. బొక్క చోటుకి రాకపోతే ‘నువ్వు మళ్ళీ బరువెత్తి ఉంటావు’ అన్న ఆ సూరత్ వైద్యుడి వాదనకీ దీనికీ తేడా చెప్పండి చూద్దాం! ఏ ఫలితం వస్తే మా మాట తప్పని ఒప్పుకుంటామో ముందే చెప్పని సిద్ధాంతం ఎంత మంచి మనసుతో పుట్టినా సైన్సు కాదు. రిస్టోర్ వాళ్ళని ఈ విషయంలో మెచ్చుకోవాలి. ఏం చెయ్యబోతున్నారో, ఏం కొలవబోతున్నారో ముందే రాసుకుని దిగారు. ఆ పేరు బోర్డు మీద రాసుకుని అదే పాత నొక్కుడు నొక్కే క్లినిక్కుల గురించి ఈ మాట అనలేం.

ఇక మన గీటురాయి దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియా చికిత్సలో ప్రధానమైన ఘట్టం భయాన్ని వదిలించడం. వంగితే నడుం విరిగిపోతుందని భయపడి వంగడమే మానేసిన మనిషికి, వంగినా ఏమీ కాదని చేయించి చూపిస్తారు. సాంచా మనిషికి ఇదే పాఠం అప్పజెబితే ఎలా ఉంటుంది?

“నడుం వంచడానికి భయపడకండి అన్నా, మెల్లగా అలవాటు చేసుకోండి” అంటాడు ఫిజియోథెరపిస్టు.

“వంగుడుకు భయమెందుకు సార్, పొద్దుగాల నుంచి వంగుడే నా పని. నాగా అయితదనే భయం” అంటాడు అతను.

ఈ సంభాషణ కూడా నా కల్పనే. కాని అందులోని చిక్కు కల్పన కాదు. అతను మానేసిన కదలిక ఒక్కటీ లేదు. అతనికి కావలసినది గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చునే వీలు, తెగిన పోగు అందేంత ఎత్తులో నిలబడే పీట, వారం రోజులు తక్కువ సాంచాలు చూసినా పగార్ తెగని ఒప్పందం. ఇవేవీ ఫిజియోథెరపిస్టు చేతిలో లేవు. అందుకే కాబోలు, శరీరం, మనసు, సమాజం అని ఎంగెల్ చెప్పిన మూడు మాటల్లో మూడోదాన్ని చికిత్స గదుల్లో ఎవరూ ఎక్కువగా తలచుకోరు. మనిషి చుట్టూ తిరుగుతున్నామంటూ మనిషి తల చుట్టూ మాత్రం తిరుగుతున్నారు. ఆ మనిషి పన్నెండు గంటలు నిలబడే చోటు కేంద్రానికి బయట ఉండిపోయింది.

అలాగని నొప్పికి సాంచాయే కారణమని తేల్చెయ్యడం మరో రకం ‘బొక్క జరిగింది’ అవుతుంది. అదే షిఫ్టులో, అన్నే సాంచాల మధ్య తిరిగే పక్క మనిషికి నొప్పి లేకపోవచ్చు. నిద్ర, దిగులు, పాత దెబ్బ, ఒంటి తీరు, అన్నీ కలుస్తాయి. విశ్రాంతి పేరుతో మంచం ఎక్కడం కూడా మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో నొప్పి గురించి వివరించి చెప్పడం, వ్యాయామం, మనసుకి సంబంధించిన చికిత్సలు, వాటితోపాటు వెన్ను నొక్కడం, మర్దన వంటి చేతివైద్యాలు ఉన్నాయి. చేతివైద్యానికి చోటు ఇచ్చారు గాని, సాక్ష్యం బలహీనమని ఒప్పుకుంటూనే ఇచ్చారు. మామూలుగా వాడవద్దన్నవాటిలో నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షను, నల్లమందు జాతి నొప్పి మాత్రలు ఉన్నాయి. మన సాంచా మనిషి డబ్బు పోసి కొన్న బెల్టు ఈ జాబితాలో పడింది.

సూరత్ బయటపెట్టే మరో సంగతి భాష. చికిత్సలో సగానికి పైగా మాటే అయినప్పుడు, ఆ మాట ఏ భాషలో అన్న ప్రశ్న ఎందుకు రాదు? తెలుగువాడికి నొప్పి ఒకటి కాదు. పోటు వేరు, సలుపు వేరు, పీకుడు వేరు. గుంజడం, పట్టెయ్యడం, తిమ్మిరెక్కడం, మంట పుట్టడం, సూదులు పొడిచినట్టుండటం, అన్నీ వేరు వేరు. వైద్యుడికి ఇవి అలంకారాలు కావు. నడుములో పీకుడు ఒక దారి చూపిస్తే, పిక్క దాకా దిగే మంటా తిమ్మిరీ నాడి వేరు నలుగుతున్నదేమో చూడమని మరో దారి చూపిస్తాయి. హిందీనో గుజరాతీనో మాట్లాడే వైద్యుడి ముందు ఈ మాటలన్నీ ‘దర్ద్’ అనే ఒక్క మాటలోకి కూలిపోతాయి. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బడికి వెళ్ళే పిల్లవాణ్ణి వెంట తీసుకుపోవడం వింతేమీ కాదు. మీలో అటువంటివారు ఉంటే, నాన్న “గుంజుతాంది” అంటే దాన్ని ‘దర్ద్’ అని చెప్పి ఊరుకోకండి. ఎక్కడ గుంజుతోంది, ఎక్కడిదాకా పోతోంది, ఏ వేళకి పెరుగుతోంది, మూడూ అడిగి చెప్పండి. గదిలో ఉన్న అన్ని పరికరాల కన్న ఆ మూడు జవాబులు ఎక్కువ పనికొస్తాయి.

నా విమర్శని కూడా పరీక్షకి పెట్టకపోతే అన్యాయం. ఆల్బర్టా వాళ్ళ నాలుగు గుంపుల పద్ధతినే సూరత్‌కి తెచ్చి ఒక ప్రయోగం వెయ్యండి, ప్రస్తుతానికి కాగితం మీద. నడుం నొప్పి మూడు నెలలు దాటిన తెలుగు సాంచా కార్మికులు. అందరికీ ఒకే చేతివైద్యం, ఒకే వ్యాయామం. సగం మందితో మాట హిందీలో, సగం మందితో తెలుగులో. ప్రతి సగంలోనూ మళ్ళీ సగానికి మాత్రం కార్ఖానాలో పీట, గంటకోసారి ఐదు నిమిషాల విరామం, ఆ విరామానికి కూలి. ఎవరు ఏ గుంపులో పడాలో చీటీలు తీసి నిర్ణయించాలి. కొలిచేది నొప్పి ఒక్కటే కాకూడదు. ఆరు నెలల్లో పోయిన పనిరోజులు కూడా లెక్కపెట్టాలి. ఫలితాలు కొలిచే మనిషికి ఎవరు ఏ గుంపువారో తెలియకూడదు. తెలుగు మాటకీ హిందీ మాటకీ, పీట ఉన్నవారికీ లేనివారికీ తేడా రాకపోతే, భాష గురించీ కార్ఖానా గురించీ నేను పైన రాసిన రెండు పేరాలూ కొట్టెయ్యవచ్చు. తేడా వస్తే మాత్రం, ఆ పీటకి డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్న సేఠ్ దగ్గరికి వెళుతుంది.